పొడి లేకుండా

తిరువళ్ళూరు తెలుగు ఇళ్ళల్లో విద్యాలక్ష్మి చేత మొహం దిద్దించుకోని పెళ్ళికూతురు ఎవరైనా ఉందంటే, ఆ పిల్ల చెప్పాపెట్టకుండా రిజిస్టరాఫీసులో పెళ్ళి చేసుకుని ఉండాలి. ముప్పై ఏళ్ళుగా అదే మర్యాద నడుస్తోంది. బజారు వీధిలోని అంగడి ముందు భాగంలో మొగుడు సుందరం గాజులూ రిబ్బన్లూ అమ్ముతాడు. వెనక గదిలో అద్దం ముందు ఆవిడ మొహాలు దిద్దుతుంది. గాజుల బేరం భోజనానికి సరి అన్నారు పెద్దలు. ఆ సామెత ఎక్కడ అబద్ధమైపోతుందోనని సుందరం జీవితమంతా జాగ్రత్త పడ్డాడు. ఇల్లు నిలబెట్టింది వెనక గదే.

పనిలో ఎంత నేర్పో నోటికి అంత పదును. చెన్నైలో కోర్సు చేసొచ్చిన పిల్లలు, పెళ్ళికూతురి మొహం మీద ఫౌండేషన్ అతుకులు అతుకులుగా తేలిపోయి, ఏం చెయ్యాలో తోచక ఏడుపుగొంతుతో ఆవిడకే ఫోన్ చేస్తారు. ఆవిడ ముందు తిడుతుంది, తర్వాత మందు చెబుతుంది.

“కింద పూసిన ప్రైమరు నూనెదా, నీళ్ళదా? ఫౌండేషనో? అది చూడకుండానే పూసేస్తివా? రెండూ ఒకే జాతివి ఉండల్ల మే. లేదంటే భాగాలు పంచుకున్న అన్నదమ్ముల మాదిరి దేని దారి దానిదే. తుడిచెయ్. రవంత రవంత తీసుకో. రుద్దద్దు, ఒత్తు.”

ఇంత పేరున్న మనిషికి ఒకే ఒక్క మచ్చ ఉంది. అది తిరుత్తణిలో, కుప్పమ్మ ఇంటి హాల్లో, ఫ్రేము కట్టి గోడకు వేలాడుతోంది.

కుప్పమ్మ పెళ్ళి ఫోటో అది. తీసి ముప్పై ఎనిమిదేళ్ళయింది. విద్యాలక్ష్మి ఆ ఇంటికి ఎప్పుడు వెళ్ళినా ఆ గోడకు వీపు పెట్టి కూర్చుంటుంది. కాఫీ ఇస్తే తాగుతుంది, కబుర్లు చెబుతుంది, తల మాత్రం తిప్పదు. వీపు మీద ఎవరో చూస్తున్నట్టే ఉంటుంది పాపం.

కుప్పమ్మ పుట్టింది తిరువళ్ళూరును ఆనుకుని ఉన్న పల్లెలో. విజయనగరం రాజుల దండుతో వచ్చి ఇక్కడే నేల దున్నుకున్నామని చెప్పుకునే రైతు కుటుంబం. తల్లి వారానికి రెండు రోజులు వంకాయలో కాకరకాయలో గంపకెత్తుకుని బజారుకు వచ్చేది. సరుకు చెల్లిపోయాక ఇదే అంగడి మెట్ల మీద, అప్పట్లో అది గుర్నాథం శెట్టిది, కూర్చుని చెంబెడు నీళ్ళు తాగేది. తల్లి కొంగు పట్టుకుని వచ్చే కుప్పమ్మకూ, శెట్టిగారి కూతురు విద్యాలక్ష్మికీ స్నేహం కుదిరింది ఆ మెట్ల మీదే. విద్యాలక్ష్మి రెండేళ్ళు పెద్ద కాబట్టి ‘అక్కా’ అయింది.

ఆ రోజుల్లో అంగడికి ఒక వాసన ఉండేది. మొహానికి రాసే స్నో సీసాల తీపి వాసన, చాందుబొట్టు డబ్బాల మైనపు వాసన, కొత్త రిబ్బన్ల గంజి వాసన. ఇప్పుడన్నీ ప్లాస్టిక్ తొడుగుల్లో వస్తున్నాయి, ముక్కు దగ్గర పెట్టుకున్నా మూగగా ఉంటాయి. ఆ రోజుల్లో గుర్నాథం శెట్టి భోజనానికి లేస్తే చాలు, ఇద్దరు పిల్లలూ పౌడరు డబ్బా మూత తీసి, పఫ్‌తో ఒకరి ముక్కు మీద ఒకరు అద్దుకుని, ఆయన దగ్గు వినబడగానే మూత పెట్టేసేవాళ్ళు. ముక్కులు తెల్లగా పెట్టుకుని మాకేం తెలీదన్నట్టు నిలబడితే శెట్టిగారు కూడా ఏమీ తెలియనట్టే కూర్చునేవాడు. అంత మంచివాడు వ్యాపారానికి పనికిరాడని బజారులో అందరూ అనేవాళ్ళు, నిజమే కాబోలు.

కుప్పమ్మకు పెళ్ళి కుదిరినప్పుడు ఆయనే ఒక కొత్త స్నో సీసా, ఒక పౌడరు డబ్బా చేతిలో పెట్టి, “పోమ్మా, నీ స్నేహితురాలికి నువ్వే దిద్దు” అన్నాడు. ఇరవై ఏళ్ళ విద్యాలక్ష్మి అంతకుముందు పెళ్ళికూతురి మొహం ముట్టుకుని ఎరగదు. వైశాఖమాసం. సత్రంలో కిటికీ లేని గది. ఉన్న ఒక్క ఫ్యానూ పెళ్ళికొడుకు గదిలో తిరుగుతోంది. చెమట తుడుస్తూ స్నో రాసింది, స్నో మీద పౌడరు అద్దింది. పని అయ్యేసరికి కుప్పమ్మ మొహం, ఆ మసక వెలుతురులోనే, పున్నమి చంద్రుడిలా ఉంది. అంతలో సారె పళ్ళాలు సర్దడానికి ఎవరో పిలిస్తే విద్యాలక్ష్మి వెళ్ళిపోయింది.

నెల తర్వాత ఫోటో వచ్చింది. మొహం తెల్లగా ఉంది, రెండు చెక్కిళ్ళ మీదా మాత్రం పౌడరు లేచిపోయి ఏటవాలుగా చారలు. పెళ్ళికొడుకు మేనత్త ఒకావిడ ఫోటో చేతికి తీసుకుని, “సున్నం కొట్టేవోడు కూలి సాలక సగంలో పొయినట్టుండాదే” అంది. అందరూ నవ్వారు. విద్యాలక్ష్మికి తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాటి నుంచి మొండిపట్టు పట్టి, మద్రాసులో ఒక మేకప్‌మాన్ భార్య దగ్గర ఆరు నెలలు రోజూ రైలెక్కి వెళ్ళి పని నేర్చుకుంది. ఆ నవ్వే లేకపోతే వెనక గదీ లేదు, అద్దమూ లేదు.

ఇన్నేళ్ళకు కుప్పమ్మ మొగుడు ఆదికేశవులుకు అరవై నిండాయి. ఆత్తిపట్టు కరెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసి మొన్ననే రిటైరయ్యాడు. కొడుకు గోకుల్, కోడలు జ్యోతిక కలిసి తిరుత్తణి కొండ కింద మండపం మాట్లాడి అరవయ్యో పెళ్ళి, అంటే షష్టిపూర్తి, పెట్టారు. కుప్పమ్మ ఫోన్ చేసి, “అక్కా, నా మొగం నువ్వే వచ్చి దిద్దల్ల. పార్లరోళ్ళు గీర్లరోళ్ళు నాకొద్దు” అంది.

విద్యాలక్ష్మికి కావలసిందీ అదే. ఈసారి తాళి కట్టేటప్పుడు తీసే ఫోటోలో ఒక్క గీత ఉండకూడదు. ఆ కొత్త ఫోటో గోడకెక్కాలి, పాతది దిగి అటకెక్కాలి. చేతులింకా వణకడం లేదు కానీ, యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి. కుప్పమ్మకు మూడో పెళ్ళి జరిగేదాకా ఆగడం కుదరదు కదా. తప్పు సరిదిద్దుకోవడానికి దేవుడిచ్చిన అవకాశం ఇదొక్కటే అనుకుంది.

అందుకని పకడ్బందీగా మొదలుపెట్టింది. మూడు రోజుల ముందే జ్యోతికకు ఫోన్లో గొంతు రికార్డు చేసి పంపింది. “అమ్మా జ్యోతికా, అత్త మొగం పొడి లేకుండా ఉండల్ల. ఈ రెండు దినాలూ నువ్వే దగ్గరుండి చూసుకో.” కోడలు వెంటనే రెండు బొటనవేళ్ళ బొమ్మలు పంపింది. పిల్ల బుద్ధిమంతురాలని విద్యాలక్ష్మి సంతోషించింది.

ముహూర్తం రోజు పొద్దున్నే తిరువళ్ళూరులో రైలెక్కింది. కడంబత్తూరు, మనవూరు, తిరువాలంగాడు దాటుతుంటే పెట్టె ఒళ్ళో పెట్టుకుని మనసులో మొహం దిద్దుకుంటూ కూర్చుంది. కుప్పమ్మది చామనచాయ, దానికి పైన నలభై ఏళ్ళు రోజూ రాసుకున్న పసుపు. కాబట్టి రంగు కాస్త పచ్చదనం కలిసింది తీసుకోవాలి, లేకపోతే బూడిద చల్లినట్టుంటుంది. మెడకూ మొహానికీ తేడా రాకూడదు. కొండ కనబడగానే అలవాటుగా చేతులు జోడించింది. సుబ్రహ్మణ్యస్వామీ, ఈ ఒక్క మొహం నా చేతి మీదుగా చక్కగా రానియ్యి అని మొక్కుకుంది.

మండపంలో దంపతుల తలల మీద కలశాల నీళ్ళు పోసేసరికి తొమ్మిదిన్నర. పదిన్నరకు తాళి కట్టాలి. ఉన్నది ఒక్క గంట. తడిచీర విప్పి, మామిడిపండు రంగు పట్టుచీర కట్టుకుని కుప్పమ్మ వచ్చి అద్దం ముందు కూర్చుంది. మామూలుగా అయితే విద్యాలక్ష్మి ముందు తేమ పట్టే క్రీము రాసి పావుగంట ఆగుతుంది. రెండు రోజులుగా జ్యోతిక చూసుకుంటోందన్న ధీమాతో, పైగా ఇప్పుడే నీళ్ళు పోసుకున్న మొహం కదా అని, ఆ మెట్టు దాటేసి ప్రైమరు రాసింది. దాని మీద ఫౌండేషన్ చుక్కలు పెట్టి స్పాంజితో ఒత్తడం మొదలుపెట్టింది.

నుదురు చక్కగా కుదిరింది. గడ్డం కుదిరింది. చెక్కిళ్ళ దగ్గరికి వచ్చేసరికి మొండికేసింది. ఒకచోట పట్టింది, దాని పక్కనే పట్టలేదు. ముక్కు పక్కన పొట్టు లేచినట్టు తేలింది. స్పాంజి మురికేమోనని కొత్తది తీసింది. అదే వరస. ప్రైమరు సీసా, ఫౌండేషన్ సీసా పక్కపక్కన పెట్టి చదివింది. రెండూ నీళ్ళతో చేసినవే, రెండూ కొత్తవే. ఫ్యాను గాలికి ముందే ఆరిపోతోందేమోనని జ్యోతిక చేత ఫ్యాను ఆపించింది. ఊహూఁ.

గడియారం పది చూపిస్తోంది. అప్పుడు విద్యాలక్ష్మి ఏం చేసిందో చెబితే ఆవిడ శిష్యురాళ్ళు నమ్మరు. తక్కువ పూయండి, తక్కువ పూయండి అని ఊరందరికీ చెప్పే మనిషి, తన వంతు వచ్చేసరికి ఇంకాస్త పూసింది. కప్పేద్దామనుకుంది. అది చెక్కిలి మీద గడ్డలు కట్టి పగిలింది.

అద్దంలోకి చూస్తే అవే రెండు చెక్కిళ్ళు, అవే అతుకులు. ముప్పై ఎనిమిదేళ్ళు నేర్చుకున్నది ఏమైపోయిందో తెలియలేదు. దేవుడు ఈ ఒక్క మొహానికి నా చెయ్యి పడనివ్వడు కాబోలు అనుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తలుపు దగ్గర ఆదికేశవులు తొంగి చూశాడు. కొత్త పంచె, మెడలో మాల, మొహం నిండా పెళ్ళికొడుకు సిగ్గు. “ఇంగా ఎంతసేపక్కా, అయ్యరు సీక్రం సీక్రం అంటా ఉండాడు.”

“ముప్పై ఎనిమిదేండ్లు కాపరం చేస్తివి గదన్నా, ఇంగో అరగంట ఓర్చుకోలేవా? పో” అంది విద్యాలక్ష్మి. ఏడుపును తిట్టులోకి మార్చుకోవడం ఆవిడకు చిన్నప్పటి విద్య.

కుప్పమ్మ అద్దంలో తన మొహాన్ని తీరిగ్గా చూసుకుంటోంది. “పోనీలేక్కా, అంతా తుడిచేయి. రవంత పసుపు పూసుకోని పోతా. ఈ రెండు దినాలు పసుపు లేక మొగమే నాది కాదన్నట్టుండాది.”

“పసుపెందుకు మానినావు?”

“నువ్వే గదా మానమన్నావు.”

విద్యాలక్ష్మి చేతిలో స్పాంజి ఆగిపోయింది. ముంజేతి వెనకతో కుప్పమ్మ చెక్కిలిని తాకి చూసింది. అప్పడంలా గరగరలాడింది. “నేనెప్పుడు చెప్తిని? అసలేమి పూసినావు మొగానికి?”

“ఏమీ పూయలే. కడగతా ఉన్నా. దినానికి నాలుగుతూర్లు సోపేసి కడగాలంట. నీ ఆర్డరంట” అని కుప్పమ్మ కోడలి వైపు చూసింది.

జ్యోతిక పూలదండ చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. “అవును పెద్దత్తా. నువ్వు పొడి లేకుండా చూసుకోమన్నావు గదా? పసుపు పొడి లేదు, పౌడరు లేదు, సున్నిపిండి కూడా పొడే గదా అని అదీ ఆపేసినా. క్రీములో ఏ పొడి కలిపుంటారో అని దాన్నీ తాకనీలే. ఒక్క పొడి తగలనీలేదు” అంది. అనుమానం మొదలై చివరి మాట నెమ్మదిగా వచ్చింది. “ఏం, తప్పా?”

తెలుగులో దంచింది పొడే, తడి లేనిదీ పొడే. అరవంలో పొడి అంటే దంచినదొక్కటే. గుమ్మిడిపూండిలో పుట్టి అరవబడిలో చదివిన పిల్ల, ఇంట్లో తెలుగే మాట్లాడినా, చర్మం ఎండిపోతే దాన్ని పొడి అంటారని ఎవరు చెప్పారు గనక?

“మొగం ఎండిపోనియ్యద్దు, తేమగా పెట్టు అని గదా నేను చెప్పింది” అంది విద్యాలక్ష్మి.

“అయ్యో, మేము దాన్ని కాంజిపోయిందంటాం పెద్దత్తా” అంది జ్యోతిక. ఏడవాలో నవ్వాలో తెలియని మొహం పెట్టింది.

ముందు నవ్వింది కుప్పమ్మ. “దీని దుంప తెగ, ఒక సోపంతా అరగదీపించినాదిక్కా నా మొగం మీద. రెండు దినాలు గిన్నె తోమినట్టు తోమించింది.” తర్వాత విద్యాలక్ష్మికి కూడా ఆగలేదు. ముగ్గురూ తలుపు వేసుకుని కడుపుబ్బా నవ్వారు. జబ్బు తెలిసిపోయింది కాబట్టి విద్యాలక్ష్మి గుండె కూడా కాస్త కుదుటపడింది. చెయ్యి చెడిపోలేదు, మాట చెడింది.

“అన్నా, అయ్యరుతో చెప్పు, పదకొండు దాకా మంచి గడియలే గదా, ఆగమను” అని తలుపు సందులోంచి కేక వేసి, పని మొదటినుంచి ఎత్తుకుంది. వేసిందంతా మెత్తగా తుడిచేసింది. గోరువెచ్చని నీళ్ళలో బట్ట తడిపి, పిండి, మొహం మీద కప్పి ఉంచింది. పొట్టు లేచినచోట రుద్దకుండా అద్దింది. తడి పూర్తిగా ఆరకముందే క్రీము, శనగగింజంత తీసుకుని, వేళ్ళతో ఒత్తింది. ఇంక చర్మం తాగేదాకా ఆగాలి. పదిహేను నిమిషాలు. అంతకు ఒక నిమిషం తగ్గినా మళ్ళీ మొదటికే వస్తుంది.

జ్యోతికను పూలు సరిచూడమని పంపేసి, విద్యాలక్ష్మి స్టూలు లాక్కుని కుప్పమ్మ ఎదురుగా కూర్చుంది. ఇంత దగ్గరగా ఇద్దరూ ఊరికే కూర్చుని ఎన్నేళ్ళయిందో. క్రీము వాసన పాత స్నోలాగే అనిపించింది. అందుకేనేమో, ఎన్నడూ అననిది నోట్లోంచి వచ్చేసింది.

“కుప్పా, ఆ పొద్దు నీ మొగం పాడు చేసేసినానే. నాకు చేతకాలే. దినమూ ఆ ఫోటో చూసి ఎంత బాధపడినావో ఏమో. ఈ పొద్దు తీసేది బాగా వస్తాది. అది రాంగానే ఆ పాతదాన్ని దించెయ్.”

“దించేదా?” కుప్పమ్మ కళ్ళు తెరిచింది. “దాన్నెందుకు దించల్ల?”

“ఆ చారలు…”

“నువ్వు చేసినావనుకుంటివా అవి?”

విద్యాలక్ష్మి స్టూలు ఇంకాస్త ముందుకు జరుపుకుంది.

“అక్కా, నువ్వు పౌడరేసి పళ్ళాలు సర్దేదానికి పొయినావు గదా. అప్పుడొచ్చింది మాయమ్మ. వాకిట్లో నిలబడి చూసింది, లోపలికొచ్చి చూసింది. నా కూతురు శెట్టోళ్ళ పిల్ల మాదిరి ఉండాది, నా దిష్టే తగిలేటట్టుండాది అని, ఇదో, ఇట్ల” అని కుప్పమ్మ రెండు చేతులూ గాల్లో పైనుంచి కిందికి దువ్వి చూపించింది. “రెండు చెంపలూ పుణికి మెటికలు విరిచింది. పదికి పదీ విరిగినాయి. గంపలు మోసిన చేతులు గదా, గట్టివి. నువ్వేసిన పౌడరంతా ఆమె చేతులకే వచ్చేసింది. నేను తుడుచుకోలే. బయటికి పిలిచిరి, పొయి నిలబడితిని.”

బయట నాదస్వరం శ్రుతి చూసుకుంటోంది. కుప్పమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

“ఫోటో తీస్తే ఆయుస్సు తగ్గిపోతాదని మాయమ్మకు భయం. పెళ్ళిలో ఒక్క ఫోటోలో కూడా నిలబడలే. అట్ల దాచుకున్న ఆయుస్సు ఆ ఏడు కార్తీకం దాకా కూడా రాలే. ఇంట్లో యాడ వెతికినా ఆమె మొగం లేదక్కా. నాకు మాయమ్మ ఫోటో అంటే అదే. ఆ చారలు ఆమె వేళ్ళు. నేను దినమూ తుడిచేటప్పుడు నా వేళ్ళు వాటిమింద పెట్టి చూస్తా.”

“ఇన్నేండ్లు ఒక్క మాట చెప్పలేదే.”

“నువ్వడిగింటే గదా. ఇంటికొస్తే ఆ పక్క తిరిగి కూడా చూడవు. నీకు ఫోటోలంటే ఇష్టం లేదనుకుంటిని.”

విద్యాలక్ష్మికి నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. చెయ్యని తప్పుకు ముప్పై ఎనిమిదేళ్ళు సిగ్గుపడింది. ఆ సిగ్గుతోనే పని నేర్చుకుంది, ఇల్లు నడిపింది, నలుగురికీ నేర్పింది. ఇప్పుడు ఆ సిగ్గును పట్టుకుపోయి ఎవరికి తిరిగిచ్చెయ్యాలి? మెట్ల మీద కూర్చుని చెంబెత్తి నీళ్ళు తాగే ఆ మనిషి గుర్తొచ్చింది. మొహం ఎంత గుర్తు చేసుకున్నా సరిగ్గా రాలేదు. చేతులు మాత్రం వచ్చాయి, వంకాయ ముళ్ళు గీరుకున్న నల్లటి చేతులు. అవి తన వేళ్ళ పనిని ముట్టుకుని మెచ్చుకున్నాయని ఇవాళ తెలిసింది.

“మొగమెత్తు, టైమయింది” అంది, స్పాంజి తడిపి పిండుకుంటూ.

ఈసారి చర్మం మాట విన్నది. ఫౌండేషన్ చుక్కచుక్కగా పెట్టి, తడి స్పాంజితో ఒత్తుతుంటే పొర మీద పొర ఇంకిపోయింది. ముక్కు పక్కన కుదిరింది, కళ్ళ కింద కుదిరింది. మెడ దాకా ఒకే రంగు. చివర గాలిలో ఆరనిచ్చి, చెదరకుండా నిలిపే నీళ్ళు పైన పిచికారీ కొట్టింది. విద్యాలక్ష్మి జీవితంలో దిద్దిన మొహాల్లో ఇంత బాగా వచ్చింది ఇంకోటి లేదు. అతుకు లేదు, చార లేదు. యాభై ఆరేళ్ళ కుప్పమ్మ తన వయసుతోనే, తన చాయతోనే, వెలుగుతోంది.

కుప్పమ్మ అద్దంలో చాలాసేపు చూసుకుంది. “బాగుండాదిక్కా” అంది. ఆ తర్వాత ఇటు తిరిగి, మొహం కాస్త ముందుకు పెట్టి, ఏమీ అడగకుండా కూర్చుంది.

ఆ మొహానికి మెటికలు విరిచే పెద్దదిక్కు ఇప్పుడెవరున్నారు? తల్లి లేదు, అత్త లేదు, మేనత్తలు లేరు. ఉన్నది రెండేళ్ళు పెద్దదైన అక్క ఒక్కతే.

విద్యాలక్ష్మి రెండు అరచేతులతో ఆ చెంపలు పుణికింది. చేతులు తన కణతలకు ఆనించి విరిచింది. మెటికలు పటపటమన్నాయి, ఏడో ఎనిమిదో. కీళ్ళ నొప్పుల వేళ్ళకు అదే గొప్ప. అరచేతులు చూసుకుంది. శుభ్రంగా ఉన్నాయి. మొహం చూసింది. చెక్కుచెదరలేదు. అంత బాగా దిద్దింది మరి.

కుప్పమ్మ అద్దం వైపు తిరిగి, ఒక చెంప చూసుకుని, ఇంకో చెంప చూసుకుంది. ఏ చెంప మీదా వేలి జాడ లేదు. ఆ చూపు చూస్తే తన పనితనం మీద తనకే కోపం వచ్చింది విద్యాలక్ష్మికి. పక్కనే ఉన్న నీళ్ళ గిన్నెలో రెండు చేతులూ ముంచింది. తడిచేతులతో, ఈసారి గట్టిగా, కణతల నుంచి గడ్డం దాకా మళ్ళీ పుణికింది.

పూలదండతో లోపలికి వచ్చిన జ్యోతిక అక్కడే ఆగిపోయింది. “పెద్దత్తా, ఏం చేస్తా ఉండావు? అంతా పోయింది గదా.” స్పాంజి కోసం చెయ్యి చాచింది.

“ముట్టుకోవద్దు” అంది విద్యాలక్ష్మి. కుప్పమ్మ కళ్ళు తుడిచి, కొంగు సరిచేసి, చెయ్యి పట్టుకుని పందిట్లోకి నడిపించుకుపోయింది.

తాళి కట్టడం అయ్యాక ఫోటోలు తీసే మురుగేశ్ కెమెరా వెనక చూసుకుని దగ్గరికి వచ్చాడు. “అమ్మా, పెళ్ళికూతురమ్మకు బుగ్గలమింద వేళ్ళు మాదిరి గీతలు పడినాయి. క్లోజప్‌లో బాగా తెలస్తా ఉండాయి. పరవాలేదు, కంప్యూటర్లో తీసేస్తా.”

“తీయద్దు నాయనా” అంది విద్యాలక్ష్మి. “అవి నా చేతులు.”